గర్జన్ చెట్ల కింద మహాలక్ష్మమ్మ

పెళ్లయిన నాటినుంచీ మహాలక్ష్మమ్మ పరిగెత్తిందంటే అది బస్సు కోసమే. ఇల్లు ప్రోతరాపూర్‌లో, చేపలమ్మే గంప జంగ్లీఘాట్ బజార్లో. కొడుకు రాజ్‌కిరణ్‌కి ఓడలో ఉద్యోగం వచ్చాక గంప దించేసింది. ఆ తర్వాత తెల్లారడమే తప్ప, తెల్లారి చెయ్యాల్సిన పనంటూ లేకుండా పోయింది.

రాజ్‌కిరణ్ ఓడ నికోబార్ దీవుల వైపు వెళితే తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పలేం. కోడలు లహరికి డెలానీపూర్‌లో ఆఫీసు పని. ఆదివారం వస్తే చాలు, ఆ పిల్ల చీకటి విడకముందే బూట్లు కట్టుకుని, ఇంటి వెనక వక్కతోట దాటి, కొండమీది అడవిదారిన పరుగుకి పోయేది. ట్రెయిల్ రన్నింగ్ అంటారట.

"అడవిలో ఒంటరిగా ఎల్తావేటే? నేనూ వస్తాను," అంది ఒకరోజు మహాలక్ష్మమ్మ.

"టెన్షన్ మత్ లో అత్తా. నాకు తెలిసిన దారే."

"నీకు లేదు టెన్షన్. నాకుంది."

అప్పటినుంచి కొండ మొదట్లో ఒక రాయి మీద టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేది. కోడలు చెట్లలోకి మాయమయ్యేది. మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చేది. అప్పుడా పిల్ల మొహంలో ఒక నవ్వుండేది, ఎవరో చెవిలో ఏదో మంచిమాట చెప్పి పంపినట్టు. ఆ పైన ఏముందో అని అత్తగారికి వారం పొడుగునా అదే ధ్యాస.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక ఉదయం మహాలక్ష్మమ్మ ఫ్లాస్కు రాయి మీదే వదిలేసి లేచింది. మెల్లగా ఎక్కింది. ఒక మలుపు దగ్గర దారి పల్లానికి దిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. అంతే, కాళ్లు వాటంతటవే సాగిపోయాయి. మెత్తటి తడి ఆకుల మీద అడుగుల చప్పుడు కూడా లేదు. రెండువైపులా గర్జన్ చెట్లు కొసలు కనబడనంత ఎత్తున నిలబడి ఉన్నాయి. ఆకుల్లోంచి పచ్చటి వెలుగు జారుతోంది. తను కదులుతోందో, అడవే తన పక్కనుంచి వెనక్కి పారుతోందో తెలియలేదు. ఎక్కడో ఒక పావురం గొంతు నిండుగా కూసింది.

ఎదురొచ్చిన లహరి ఠక్కున ఆగిపోయింది. "అత్తా! క్యా హువా? పామా?"

"ఏటీ లేదే. కాళ్లు ఊరుకోలేదు."

మర్నాడే లహరి అత్తగారికి బూట్లు కొనిపెట్టింది. వాటితోపాటు ఒక సల్వారు కూడా. పక్కింటి యర్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఈ వయసులో ఇదేటి వదినా?"

"ఏటో నాకూ తెలీదు వదినా. వొచ్చి చూడు," అంది మహాలక్ష్మమ్మ. యర్రమ్మ రాలేదు.

చలి రోజుల్లో ఖాడీ నీటిపాయకి అవతలి కొండమీద పరుగు పందెం పెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ చాథం జెట్టీలో బోటెక్కి బాంబూఫ్లాట్‌లో దిగారు. లహరిది పెద్ద చుట్టు, అత్తగారిది చిన్నది. రెండు దారులూ చివర్లో ఒకే కొండచరియ మీదుగా దిగుతాయి.

అందరూ ముందుకు పోయారు. మంచులో మహాలక్ష్మమ్మ ఒక్కతే మిగిలింది. చరియ మీదికి వచ్చేసరికి చెట్లు పక్కకి తప్పుకున్నాయి, కింద సముద్రం. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో గీత లేదు. దీవులు మంచులో తేలుతున్నాయి. ఇన్నేళ్లూ తను ఆ సముద్రపు చేపలే అమ్మింది. నీచువాసన పోయేదాకా చేతులు రుద్దుకుంది. అది పైనుంచి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎరగదు. పందెం మాట మరిచిపోయి నిలబడింది.

దారి చూపడానికి నిలబెట్టిన అమ్మాయి దగ్గరికొచ్చింది. "ఆంటీ, ఆప్ ఠీక్ హో?"

"ఠీక్ హూఁ బేటీ. ఇక్కడ బాగుంది."

కాసేపటికి వెనకనుంచి అడుగుల చప్పుడు. లహరి.

"అత్తా! ఇంకా ఇక్కడేనా? కాళ్లు నొప్పా?"

"కాదే, చూస్తన్నాను. నువ్వు పోవే. ఎనకాలోళ్లు వచ్చేస్తన్నారు."

"రానీ," అని లహరి పక్కనే నిలబడింది. ఒకమ్మాయి దాటిపోయింది, తర్వాత ఇంకొకరు. లహరి చూపు సముద్రం మీదినుంచి కదల్లేదు. ఊపిరి నెమ్మదించాక అత్తగారి చెయ్యి పట్టుకుంది. "చలో అత్తా."

ఇద్దరూ కాళ్లని పల్లంలోకి వదిలేశారు. చెట్ల వేళ్లు అడ్డొచ్చిన చోట "జాగ్రత్త" అని ఒకరు, మలుపు దగ్గర కిలకిలా నవ్వుతూ ఇంకొకరు. చివరికి కింద ఎవరో చప్పట్లు కొడుతుంటే, అవి తమకేనని మహాలక్ష్మమ్మకి వెంటనే తట్టలేదు.

సాయంత్రం ఓడలోంచి రాజ్‌కిరణ్ ఫోను చేశాడు. గరగరల మధ్య, "అమ్మా, ఎన్నో ప్లేసు?" అన్నాడు.

"అడగలేదురా. అది కాదుగానీ, నువ్వు తిరిగే సముద్రం పైనుంచి ఎలాగుంటాదో తెల్సా..."

అంతలో లైను తెగిపోయింది. అయినా ఆవిడ ఆగలేదు. చాప మీద వాలిన లహరికి చెబుతూనే ఉంది, మంచు ఎలా కదిలిందో, దీవులు ఒకదాని వెనక ఒకటి ఎలా బయటపడ్డాయో. లహరి కళ్లు మూసుకుని, అప్పుడప్పుడు "ఊఁ" అంటోంది.