మేస్త్రీకి తప్పు చెప్పే పద్ధతి

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మా షెడ్డులో హెడ్ మేస్త్రీకి తప్పు చెప్పే పద్ధతి ఒకటుంది. "ఇది తప్పండీ" అనకూడదు. "మొన్న మీరే అన్నారు కదండీ" అని మొదలుపెట్టి, సరైన మాటను ఆయనకే అంటగట్టాలి. ఆయన కాసేపు ఆలోచించి, "మరి! నేననకపోతే మీకెవడికి తడుతుంది?" అంటారు. పని చక్కబడుతుంది.

ఈ పద్ధతి కనిపెట్టింది నేనే. షెడ్డులో కొలతలు, లెక్కలు నా పని. బడిలో నేర్చింది కాదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఈ పద్ధతినీ లెక్కలాగే చూశాను: చిన్న అబద్ధం ఖర్చు, లారీ మిగులు.

ఈ వేసవిలో ఉయ్యూరు నుంచి చక్కెర బస్తాలు తోలే లారీ ఒకటి వచ్చింది. మేస్త్రీ గారు ఫ్లోరు బాగా కిందికి పెట్టమన్నారు. కొత్తగా చేరిన వెల్డరుకి మా పద్ధతి తెలియదు. లారీ ఓనరు ఎదురుగానే అనేశాడు.

"లోడు పడితే కింద స్ప్రింగులు, కమాన్ పట్టీలు దిగిపోతాయండీ. టైరు ఫ్లోరుకి రాసుకుంటది."

"ఏరా, నాకే చెబుతున్నావా?" మేస్త్రీ గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవయ్యా. వీడి మాట తప్పయితే ఇప్పుడే గేటు బయటికి పంపించేస్తా."

అతని మాట ఒప్పేనని పొద్దున్న కొలిచినప్పుడే నాకు తెలుసు. "అతను చెప్పిందే రైటండీ" అంటే సరిపోయేది. అలవాటైన నోరు కదా.

"ఫ్లోరు లేపాలని మొన్న మీరే అన్నారు కదండీ. అదే చెబుతున్నాడు."

"చూశారా! నా మాట నాకే అప్పజెబుతున్నాడు వీడు," అని మేస్త్రీ గారు పెద్దగా నవ్వారు. ఓనరు నవ్వాడు. నేనూ నవ్వాను. వెల్డరు మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయాడు.

టీ కొట్టు దగ్గర అడిగాడు. "ఆయన ఆ మాట అన్లేదుగా, అన్నా?"

"అన్లేదు. నీ పని నిలబడాలని..."

"నిలబడిందిలే," అని గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు.

కిందటి వారం వెనక డోరు కొలత మీద నాకే అనుమానం వచ్చింది. వెల్డర్ని పిలిచి, ఒకసారి చూడమన్నాను. వంగనైనా వంగలేదు.

"మీరు కొలిచాక ఇంక తిరుగేముందండీ!"

ఎన్నాళ్లుగానో నేను మేస్త్రీ గారితో మాట్లాడే గొంతు అది. ఆ కొలత తప్పో ఒప్పో నాకు చెప్పేవాళ్లు షెడ్డులో ఇక ఎవరూ లేరు.