ఖుర్షిదా కట్టిన ముడులు

చీరాలలో మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే ఖుర్షిదాకు చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. కరోనా ఏడాది మగ్గాలు ఆగిపోయి రాట్నం మూలన పడ్డప్పుడు, అదే వీధిలో ఉండే లెక్కల మాస్టారు మరియదాసు ఆమెకో సంఖ్య ఇచ్చాడు. నూరు కోట్ల ఏడు. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇది ఇంక దేనితోనైనా శేషం లేకుండా భాగం పోతుందేమో చూడమన్నాడు. పోదని రుజువు చేస్తే గణిత దినోత్సవం రోజు పదో తరగతి పిల్లల ముందు బోర్డు దగ్గర నిలబెడతానన్నాడు.

అన్ని సంఖ్యలతోనూ భాగించక్కర్లేదు. ప్రధాన సంఖ్యలతో చాలు. అవీ 31,622 దాటనక్కర్లేదు. అంతకు మించిన భాగకం ఉంటే దాని జోడు ఈలోపే దొరికిపోతుంది. అలాంటివి 3,401. వాటి పట్టిక ఉన్న పుస్తకం చేతికిస్తూ, “గీతలు పెట్టకు, నా పుస్తకం” అన్నాడు మాస్టారు.

అందుకని ఆమె దారంతో గుర్తు పెట్టుకుంది. ఒక భాగహారం అవగానే ఎర్రదారం కొసకు ఒక ముడి. నేతలో నూట ఇరవై పోగులు ఒక పుంజం కాబట్టి, నూట ఇరవై ముడులకో పసుపు గుడ్డపీలిక. మర్నాడు ముడులు లెక్కపెట్టి, పట్టికలో ఆ తర్వాతి సంఖ్య పట్టుకునేది. లెక్క చేసిన కాగితాలు పొయ్యిలోకి పోయాయి. మగ్గాలు మళ్లీ తిరిగాక రోజుకు రెండో మూడో. నాలుగేళ్లు పట్టింది. ఇరవై ఎనిమిది పుంజాల నలభై ఒక్క ముడులు. ఎక్కడా శేషం సున్నా రాలేదు.

గణిత దినోత్సవం ముందురోజు పొద్దున ఆమె దారం ఉండ చుడుతుంటే, మగ్గం నేసే మొగుడు సుభానీ చూశాడు.

“ఓసారి చివరి ముడి అవతల ఇది తెగిపోతే నేనే ఇంకో ఎర్రదారం అతికా. గట్టిగానే ఉందా?”

ఆమె చెయ్యి ఆగింది. “ఎప్పుడు?”

“ఎప్పుడో. తెగిన పోగు చూస్తే చెయ్యి ఊరుకోదుగా.”

అంటే ఆ అతుకును కూడా తను కట్టిన ముడే అనుకుని లెక్కలో వేసుకుంది. ఆ చోట ఒక సంఖ్యను భాగించకుండానే దాటేసింది.

దారం పట్టుకుని మాస్టారింటికి పోయింది.

“సార్, ఒకటి తప్పిపోయింది. ఇవాళే వెతికి చేసేస్తా.”

“దానికింత హైరానా ఎందుకమ్మా? నూరు కోట్ల ఏడు ప్రధాన సంఖ్యేనని ఫోను క్షణంలో చెబుతుంది.”

“మీకు ముందే తెలుసా?”

“తెలియకుండా ఇస్తానా? ఖాళీగా ఉన్నావని ఇచ్చా. రెండ్రోజుల్లో వదిలేస్తావనుకున్నా.”

“మరి రేపు బోర్డు దగ్గర?”

“రేపు ప్రొజెక్టర్ పెడుతున్నారు. వచ్చి వెనక కూర్చో, చూద్దువుగాని. ఆ దారం మాత్రం తేకు, పిల్లలు నవ్వుతారు.”

ఇంటికొచ్చి గడప మీద కూర్చుని ముడులన్నీ వేళ్లతో తడిమింది. తనవి గుండ్రటి ముడులు. మొగుడిది రెండు కొసలు కలిపిన నేతగాడి అతుకు, చదునుగా ఉంటుంది. దొరికింది. పట్టికలో ఆ స్థానంలో ఉన్నది 17,389. కరెంటు బిల్లు వెనక భాగించింది. శేషం 10,784.

“భాగం పోయిందా?” అన్నాడు సుభానీ.

“పోలేదు. ఇప్పుడు అయింది.”

“రేపు స్కూలుకు వెళతావా మరి?”

“కండెలున్నాయి,” అంది. పుస్తకం తెచ్చి అతని చేతిలో పెట్టింది. “ఇది మాస్టారింట్లో ఇచ్చెయ్. ఒక్క గీతా లేదు, చూసుకోమను.”