దండం పెట్టకు బిడ్డా

మొన్న పొద్దున కొడకండ్ల నుంచి ఫోన్ వచ్చింది. "బావా, అమ్మ పోయింది. చాయ్ తాగి గోడకు ఒరిగింది, గంతే" అన్నాడు మా మేనత్త కొడుకు. ఏడుపు రావలసిన చోట నాకు ఒక వాక్యం గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ కింద ఆమె గురించి ఒక డాక్టరు రాసిన వాక్యం: "ఈమె రెండు చేతులూ ఇబ్బంది లేకుండా నుదుటిదాకా ఎత్తగలదు." అత్త కాలిపోయింది. ఆ వాక్యం మీద నా కోపం కాలలేదు.

అత్త జనగామలో పత్తి మిల్లులో పనిచేసేది. ఒకరోజు మిషను బెల్టు కుడిచేతిని లాగి భుజం కీలును పాడుచేసింది. ఆ తర్వాత ఆమె నెత్తికి గంప ఎత్తుకోలేదు, తన జడ తాను వేసుకోలేదు. నష్టపరిహారం కేసు వేస్తే, బీమా కంపెనీ తన డాక్టరు దగ్గరికి పరీక్షకు పంపింది. పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకుని పోయింది. గదిలో అడుగుపెట్టగానే మన దగ్గర ఎవరైనా చేసేదే చేసింది. పళ్ళు బిగబట్టి, రెండు చేతులూ ఎత్తి పెద్దసారుకు దండం పెట్టింది. "ఏమ్మా, బాగున్నావా?" అంటే, "మంచిగున్న సారూ" అంది. పరీక్ష అక్కడికే అయిపోయింది. కేసు కూడా అయిపోయింది.

"నా దండమే నా మీద సాక్ష్యం చెప్పింది" అనేది అత్త. అన్నాక నవ్వేది. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆ తర్వాత, దెబ్బ తగిలి ఇలాంటి పరీక్షకు పోయే కూలీ ఎవరు పిలిచినా ఆమె తోడుగా పోయేది. భూపాలపల్లి బొగ్గు బావుల దగ్గర కాంట్రాక్టరు కింద పనిచేసి నడుము విరగ్గొట్టుకున్న ఒకాయన, పరీక్షకు ఒంటరిగా పోయి, డాక్టరు పెన్ను కింద పడితే మర్యాద కొద్దీ వంగి తీసిచ్చాడు. వంగగలడని రాసేశారు. పెన్ను జారిందో, జార్చారో! అది విన్నరోజు అత్త అన్నం ముట్టలేదు.

ఒకసారి నేనూ వెంట ఉన్నాను. నర్సింహులపేట దగ్గరి తండా మనిషి ఒకాయనకు గ్రానైట్ క్వారీలో రాయి జారి కుడి భుజం నుజ్జయింది. చెయ్యి బాగుందని రాస్తే కేసు పోతుంది. మళ్ళీ క్వారీకి పోదామంటే చెయ్యి లేవదు. ఆస్పత్రి బయట బెంచీ మీద అత్త డాక్టరయింది.

"ఎట్లున్నవ్?"

"మంచిగున్న అవ్వా."

"పోయింది నీ కేసు. లే, బస్సెక్కు."

అతను బిక్కమొహం వేశాడు. "మరేమనాలె?"

"నొస్తందను. మంచిగున్న అనేది చుట్టాలకు చెప్పే మాట. ఇంకోటి, దండం పెట్టకు బిడ్డా."

"పెద్దసారుకు దండం పెట్టకుంటె ఎట్లనే అవ్వా? కొవ్వు పట్టిందంటడు."

"అననియ్. కొవ్వు పట్టిందని రాస్తే కేసు పోదు. చెయ్యి లేస్తందని రాస్తెనే పోతది!"

లోపల అతను కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నమస్కారం కూడా లేదేమయ్యా, అంత కోపమా?" అన్నాడు డాక్టరు. అత్తే జవాబిచ్చింది: "కోపం గాదు సారూ, చెయ్యి లేస్తలేదు. గదే రాయున్రి." ఆయన ముఖం చిట్లించాడు. కానీ ఆరోజు భుజాన్ని పట్టి చూశాడు, తిప్పి చూశాడు, అతను అరిస్తే ఆగాడు. చెయ్యి లేవదనే రాశాడు. అతని కేసు నిలబడింది.

దొంగనొప్పులు చెప్పేవాళ్ళు ఉండరా అని నన్ను నిలదీసేవాళ్ళున్నారు. ఉంటారు, ఎవరు కాదన్నారు? అందుకేగదా పరీక్ష! మరి పరీక్షించండి. రోజంతా సుత్తె ఎత్తే మనిషిని ఒక్కసారి చెయ్యి ఎత్తించి పంపడం పరీక్షెట్లా అవుతుంది? కంపెనీ ఫీజిచ్చే డాక్టరు కంపెనీకి నచ్చేది రాస్తే అది వైద్యమెట్లా అవుతుంది? దొర గడి ముందు దండం పెట్టలేదని మన తాతల వీపులు పగిలాయి. ఆ భయంతోనే మనకు చేతులు జోడించడం అలవాటయింది. ఇప్పుడు జోడించినందుకు పరిహారం ఎగ్గొడతారా? మర్యాదను పట్టుకుని మనిషిని ఓడించేది న్యాయం కాదు, ఉచ్చు.

మొన్న అత్త పాడె లేపేముందు ఆ తండా మనిషి వచ్చాడు. అందరూ అత్తకు దండం పెడుతున్నారు. అతను ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టి పైకి లేపసాగాడు. నొప్పికి మెడనరాలు తేలాయి.

"వద్దులే తమ్మీ" అన్నారెవరో.

"గీమెకు పెట్టకుంటె ఇంకెవలకు పెడ్త?"

చెయ్యి ఛాతీదాకా వచ్చి జారిపోయింది. అతను మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు. పాడె మోసేవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగి, ఆ రెండు చేతులు కలిసేదాకా చూస్తున్నారు.