మా అమ్మాయి బారసాలకు డోలు

మా అమ్మాయి పుట్టాక చూడడానికి వచ్చిన వాళ్ళందరూ ఒకటే రకం కానుక తెచ్చారు: పసిపిల్లల మెదడు పెంచే సంగీతం అని అట్ట మీద రాసి ఉన్న సీడీలు. పియానో, వయొలిన్, మధ్యమధ్యలో పిట్టల కూతలు. అవి వింటే పిల్లకు లెక్కలు బాగా వస్తాయట. మనవాళ్ళు సింగపూరులో విమానం దిగి ఏడాది తిరక్కుండానే రెండో ఉద్యోగానికి మారిపోతున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్కులో నాతోపాటు బ్యాంకు ప్రోగ్రాములు రాసే వాళ్ళకి పిల్లలంటే కొత్త కంప్యూటర్లు. ముందే ఏది ఎక్కిస్తే అదే పనిచేస్తుందని ఓ నమ్మకం. నేను ఆ సీడీలన్నీ అట్టపెట్టెలో వేసి మంచం కిందకి తోసేశాను. నా పిల్లకి ఏం వినిపించాలో నాకు తెలుసు.

నేను డోలు వాయించేవాడి కూతుర్ని. కృష్ణా జిల్లాలో మా చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా సన్నాయి పక్కన మా నాన్న డోలు ఉండాల్సిందే. మామూలు రోజుల్లో క్షవరం పని, ముహూర్తాలున్న రోజుల్లో మేళం. మా ఇళ్ళలో ఆడపిల్లకి డోలు నేర్పరు. నాకూ నేర్పలేదు. కానీ గోడకి ఇవతల కూర్చుని హోంవర్కు చేసుకునే పిల్ల చెవులు ఎవరు మూస్తారు? నాన్న తన శిష్యులకి చెప్పే జతులు నాకు ఎక్కాలకంటే ముందు వచ్చేశాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అటక మీది పాత డోలు దించి, చేతులు వాచేదాకా వాయించేదాన్ని. నాన్నకి తెలిసే ఉంటుంది. ఏనాడూ తిట్టలేదు. అలాగని ఒక్క దెబ్బ సరిదిద్దనూ లేదు.

మా అమ్మాయిని జో కొట్టేటప్పుడు నా చేతికి వచ్చింది అదే. త కి ట, త క ధి మి. దాని చిన్న వీపు మీద, ఏడు అక్షరాల నడక. మామూలుగా జో కొడితే ఊరుకునేది కాదు, కాళ్ళు తన్నుకుని ఏడ్చేది. ఆ మిశ్రచాపు మొదలుపెట్టగానే బుగ్గలు వదులయ్యి, కళ్ళు సగం మూసి వినేది. నిజంగానే వినేది. నా బిడ్డ నాతో కలిసి తాళం వింటోందని తెలిసినప్పుడు నాకు కలిగినంత గర్వం ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

మా అమ్మ లేదు కాబట్టి పురుటికి గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. కాయం ఉండలు చేసి పెట్టారు, నడుముకి గుడ్డ కట్టారు, పిల్లకి నలుగు పెట్టారు. ఆ మనిషి చేతుల్లో లోపం లేదు. ఓ రోజు గుమ్మంలో నిలబడి నా చెయ్యే చూశారు.

“పిల్లని జో కొడుతున్నావా, మేళం వాయిస్తున్నావా అమ్మాయ్?”

“రెండూనండి,” అన్నాను.

ఆ శనివారం హౌగాంగ్‌లో మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఉండే ఖాళీ జాగాలో, మలయ్ వాళ్ళ పెళ్ళి జరిగింది. కుర్రాళ్ళు బల్లపరుపు డప్పులు చేతుల్లో పట్టుకుని వాయిస్తూ పెళ్ళికొడుకుని నడిపించుకొచ్చారు. కొంపాంగ్ అంటారు వాటిని. ఆ మోతకి పది అంతస్తులూ దద్దరిల్లాయి. నేను పిల్లని ఎత్తుకుని కిందకి పరిగెత్తాను. అది కళ్ళు ఇంత చేసుకుని చూసింది. పక్కింటి మలయ్ ఆంటీ దాని బుగ్గ గిల్లి, “యువర్ బేబీ లైక్ కొంపాంగ్, లా!” అని నవ్వింది. అంతకుముందు వారమే అక్కడ ఓ చైనీస్ తాత చావుకి బ్యాండు మోగింది. ఈ జాగాలో అందరూ తమ చావులూ పెళ్ళిళ్ళూ తమ వాయిద్యంతోనే, గుండెలు అదిరేలా జరుపుకుంటారు. మనం మాత్రం మంగళవాద్యం సీడీ పెట్టి, పక్కవాళ్ళకి వినపడకుండా సౌండు తగ్గిస్తాం. నాకు ఒళ్ళు మండింది. పిల్ల బారసాల ఇక్కడే చేస్తాననీ, మా నాన్న వచ్చి వాయిస్తాడనీ ఇంట్లో చెప్పేశాను.

అత్తగారి ముఖం మాడిపోయింది.

“అన్నయ్యగారు రావాలమ్మాయ్, రాకపోతే ఎలా? కానీ ఆ డోలెందుకు? నేనిక్కడ అందరికీ ఆయన మ్యూజిక్ టీచర్ అని చెప్పాను.”

“ఎందుకు చెప్పారు? మా నాన్న ఏమైనా దొంగతనం చేశాడా?”

“నా కోసం చెప్పానా? రేపు పిల్ల పెద్దదవుతుంది, దాని పెళ్ళప్పుడు నలుగురూ...”

“పిల్ల ఇంకా బోర్లా పడలేదు అత్తయ్యా.”

నా మొగుడు లాప్‌టాప్ వెనక తల దాచుకున్నాడు. అతన్ని బయటికి లాగి ఇద్దరికీ వినపడేలా చెప్పాను: డోలు లేకపోతే బారసాల లేదు, నా కూతురు పేరు లేకుండానే పెరుగుతుంది. అతను నన్ను బాగా ఎరిగినవాడు. నాలుగేళ్ళు వెంటపడి చేసుకున్నది నన్నే. విమానాశ్రయానికి తనే వెళ్ళి, సూట్‌కేసు మామగారికి వదిలేసి, డోలు తన భుజానికి తగిలించుకుని రైల్లో తీసుకొచ్చాడు. అందుకు ఇప్పటికీ అతని తప్పులు కొన్ని చూసీ చూడనట్టు పోతాను.

బారసాల రోజు స్తంభాలకి బంతిపూలు చుట్టాం. పక్కింటి ఆంటీ ఇచ్చిన స్ప్రింగు ఉయ్యాలకి మల్లెదండలు కట్టాం. మా ఆఫీసుల వాళ్ళు, చుట్టుపక్కల బ్లాకుల తెలుగువాళ్ళు పట్టుచీరల్లో, కుర్తాల్లో వచ్చారు. నాన్న ఓ పక్కన చాప మీద కూర్చుని, వేళ్ళకి తొడుగులు బిగించుకున్నాడు. గుడ్డపేలికలకి జిగురు పట్టించి ఎండబెట్టిన తొడుగులవి, రాళ్ళలా ఉంటాయి. సన్నాయి తోడు లేదు. డోలు ఒక్కటే. పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకున్నాడు. చదరంగం ఆడుకుంటున్న చైనీస్ తాతలు లేచి నిలబడ్డారు. ఉయ్యాల్లో నా కూతురు అరచేతులు విప్పి, మోత వస్తున్న వైపుకి తల తిప్పింది. నేను అందరి ముందూ ఏడ్చేశాను. ఏడిస్తే ఏం?

అసలు సంగతి భోజనాల దగ్గర జరిగింది. అందరూ బల్లల దగ్గర కూర్చున్నారు. నాన్న కనపడలేదు. చూస్తే ఓ స్తంభం వెనక నిలబడి డోలు తుడుచుకుంటున్నాడు. మేళం వాళ్ళు ఎప్పుడూ ఆఖరి బంతిలోనే తింటారు. ఎన్ని వందల పెళ్ళిళ్ళలో అలా నిలబడ్డాడో, మనవరాలి బారసాలలో కూడా కాళ్ళు ఆ చోటు వెతుక్కున్నాయి. వడ్డనలు చూస్తున్న తెలుగు ఆంటీ ఒకావిడ, మంచి మనిషే, అటు చూసి గట్టిగా అంది:

“మేళం ఆయనకి పార్సిల్ కట్టేయండమ్మా. పాపం ట్రైన్‌లో ఎంత దూరం పోవాలో ఏమో!”

తనే తీసుకెళ్ళి ఇచ్చింది. నాన్న ఆ పొట్లం రెండు చేతులతో అందుకున్నాడు. “అలాగేనమ్మా,” అన్నాడు. వియ్యపురాలు తన గురించి నలుగురికీ ఏం చెప్పిందో అప్పటికే ఆయన చెవిన పడింది. నా కాపురానికి మాట రాకూడదని, నా బిడ్డకి తాత కాకుండా పోవడానికి సిద్ధపడిపోయాడు. మా అత్తగారు అక్కడికి రెండడుగుల దూరంలోనే ఉన్నారు. విన్నారు. తలవంచుకుని విస్తరి సర్దుకున్నారు.

బాలింత గట్టిగా అరవకూడదంటారు. నేను అరిచాను.

“ఆంటీ! ఈయన మేళం ఆయనే. మా నాన్న. పాపకి తాత. పార్సిల్ పట్టుకెళ్ళరు, ఇక్కడే తింటారు, మొదటి బల్ల దగ్గర.”

పొట్లం నాన్న చేతుల్లోంచి లాక్కుని బల్ల మీద పెట్టాను. ఆవిడ బిక్కచచ్చిపోయి, “అయ్యో, సారీ అమ్మా, మ్యూజిక్ టీచర్ అన్నారు కదా అని...” అంటూ మా అత్తగారి వైపు చూసింది. అందరూ అటే చూశారు. అత్తగారు పక్కనున్న కుర్చీ లాగారు.

“రండి అన్నయ్యగారూ. ఇలా కూర్చోండి.”

మనసు మారి పిలిచారో, పరువు కోసం పిలిచారో నాకు తెలీదు. ఆ రోజు నాకు అనవసరం కూడా. నాన్న మాత్రం కదిలితే ఒట్టు.

“ఇంకా బంతులున్నాయి తల్లీ. మేళం ఆగిపోతే బాగోదు.”

“మేళం ఆగదు. నేను వాయిస్తాను.”

ఆయన్ని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను. ఉయ్యాల్లోంచి పిల్లని తీసి ఒళ్ళో పెట్టాను. డోలు పట్టా మెడలో వేసుకున్నాను. ఆయన తొడుగులు నా వేళ్ళకి వదులు, జారిపోయాయి. ఉత్త వేళ్ళతోనే మొదలుపెట్టాను. పట్టుచీర, బాలింత నడుము, మెడలో డోలు. ఎవరో “ఆడపిల్ల డోలేంటి...” అని మొదలెట్టబోతే, “తినండి, చల్లారిపోతోంది,” అన్న గొంతు మా అత్తగారిది.

వేళ్ళు మంటెత్తుతున్నా ఆపలేదు. నాన్న విస్తరి ముట్టుకోలేదు. ఒళ్ళో పిల్లని పొదివి పట్టుకుని నా చేతులే చూస్తున్నాడు. ఆపెయ్యమంటాడని అనుకున్నాను. అన్నా ఆపకూడదని పళ్ళు బిగించాను. ఆయన కాస్త ముందుకి వంగి, శిష్యుల దగ్గర తప్ప ఎక్కడా వాడని గొంతుతో, బల్లల దగ్గర అందరికీ వినపడేలా అన్నాడు:

“కుడి చెయ్యి తొందరపడుతోంది. పాప వింటోంది, సరిగ్గా వాయించు.”