రమణమ్మ సంచీ, నా పుల్లకాళ్ల స్టాండూ

మా ఆవిడ రమణమ్మ కుడి కన్ను నీటికాసుల వల్ల పోయింది. ఎడమ కన్ను ఆపరేషనయ్యేక బాగానే ఉంది. నాకు ముసలితనంలో పట్టుకున్న పిచ్చి పిట్టల్ని చూడ్డం. ఎక్కడికెళ్లినా ఆవిడ కూడా వచ్చేస్తాది. మొన్న చలికాలం మేనల్లుడి బైనాక్యులర్ అడుక్కుని కొండకర్ల ఆవ చెరువుకి వెళ్లేం. ఊరికే ఆటపట్టిద్దామని ఖాళీ కరెంటు స్తంభం చూపించి, "అదిగో, పైన ఎర్ర కొంగ" అన్నాను. ఆవిడ గొట్టాలు కళ్లకి పెట్టుకుని, "ఆఁ, ఎంత బావుందో మావా!" అంది. కడుపు పట్టుకుని నవ్వేను. రాత్రి అన్నం దగ్గర కూర్చున్నాక ఆ నవ్వు దిగిపోయింది. రెండు గొట్టాల్లో ఒంటికన్నుతో చూస్తే ఆవిడికి తల తిరుగుతందంట. అంటే ఇన్నాళ్లూ నా సరదా చెడగొట్టలేక బావుందంటోంది గానీ ఒక్క పిట్టనీ చూళ్లేదు. చచ్చేలోగా ఒక్కటైనా నిజంగా చూపించాలనుకున్నాను. అరకు ప్రయాణం అందుకే. నేను అయిదో క్లాసు దాటలేదు, నేను మాటాడతంటే ఫోనే రాసేస్తంది. తప్పులుంటే దాన్ని తిట్టండి.

ఒంటికంటికి ఒంటిగొట్టమే నయం అనుకుని స్పాటింగ్ స్కోప్ కొనడానికి విశాఖ వెళ్లేం. కొట్టు కుర్రోడు పొడుగాటి డబ్బా తీసి, "సార్, ఇది పెడితే పిట్ట అరవై రెట్లు దగ్గరకొచ్చేస్తుంది" అన్నాడు. "అంత దగ్గరకొస్తే కన్ను పొడిచేస్తాది బాబూ" అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలీలేదు. నాకు అంకెల మీద నమ్మకం లేదు. గొట్టాన్ని కొట్టు గుమ్మంలోకి తెప్పించి, రోడ్డవతల బోర్డు మీద అక్షరాలు చూసేను. ఇరవై దగ్గర వెలుతురుగా, విశాలంగా కనబడ్డాయి. అరవైకి తిప్పితే పొద్దుగూకినట్టు మసకబారి వణికేయి. కొండల్లో ఇరవై, ముప్పైతోనే మన పని. ఇంకో సంగతి, చూసే కొన తిన్నగా ఉన్నది కాకుండా పైకి వంగి ఉన్నది తీసుకోండి. నేను తాడిచెట్టంత, ఆవిడ నా భుజం దాకా రాదు. వంపు గొట్టమైతే పొట్టివాళ్ల ఎత్తుకి పెట్టొచ్చు, పొడుగువాళ్లు వంగి చూసుకోవచ్చు, మెడలు విరగవు. కళ్లద్దాలున్నోళ్లు కంటి దగ్గరుండే రబ్బరు కప్పు కిందకి దిగుతుందో లేదో చూసుకోండి. పదిహేను వేల లోపు మా పని అయిపోయింది.

స్టాండు దగ్గరే కొంప మునిగింది. అనకాపల్లిలో నలభయ్యేళ్లు బెల్లం కాటా దగ్గర నిలబడ్డోణ్ణి, దిమ్మ ఎత్తితే బరువు చెప్పేస్తాను. ఆ పొగరుతో స్టాండులన్నీ ఒక్కోటే చేత్తో ఎత్తి, అన్నిట్లోకీ తేలికైంది పట్టేను. "కాళ్లు మరీ పుల్లల్లా ఉన్నాయి మావా" అంది రమణమ్మ. "పెళ్లినాడు నీ కాళ్లూ అలాగే ఉన్నాయి, నిలబడ్డావు కదా" అన్నాను. కొట్టు కుర్రోడు అప్పుడు నవ్వేడు.

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు పొద్దున్న ఏడింటికి అటూ ఇటూగా కదుల్తుంది. మధ్యాహ్నం లోపు అరకులో దిగిపోవచ్చు. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రోళ్లు కేకలేస్తంటే నేనూ వేసేను. రమణమ్మ నన్ను ఎరగనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట గదిలో పడుకుని, మర్నాడు సుక్రు అనే ఆయన ఆటో రోజంతా పన్నెండు వందలకి మాట్లాడుకున్నాం. డుంబ్రిగుడ పక్క ఊరాయన, ఇద్దరు పిల్లల తండ్రి, నోరు నాకంటే పెద్దది.

పొద్దున్నే మంచు విడిపోతుంటే కాఫీ తోటల పక్కన ఆపించేం. మిరియాల తీగ పాకిన చెట్టు మీద పసుపురంగు పిట్ట. స్టాండు కాళ్లు మొత్తం లాగి, గొట్టం పెట్టి చూసేను. చెయ్యి తగిల్తే చాలు, పిట్ట ఎగిరెగిరి పడతంది. చెయ్యి తీసినా పక్కన లారీ వెళ్తే చాలు, మళ్లీ వణుకు.

"తాతా, నీ స్టాండుకి సలిజొరమొచ్చినట్టుంది" అన్నాడు సుక్రు.

"దానికి నీ ఆటో ఎక్కిన భయం రా" అన్నాను.

రమణమ్మ కాసేపు కన్ను పెట్టి, "ఆఁ, బావుంది మావా" అంది. అదే గొంతు. కరెంటు స్తంభం మీద కొంగ గొంతు. నాకింక నవ్వు రాలేదు.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. రోడ్డు పొడుగునా చింతపండు గుట్టలు, రాజ్మా, అల్లం. ఒకామె దగ్గర చోడి అంబలి, అంటే రాగి జావ తాగుతూ, "అమ్మా, ఇది తాగితే నీలాగా కొండెక్కగలనా?" అన్నాను. "ముందు గ్లాసు ఎత్తు తాతా" అందామె. ఈలోగా రమణమ్మ సంచీ నింపేసింది. చింతపండు, రాజ్మా, అల్లం, ఆ పైన ఓ గుమ్మడికాయ. "ఏటే, పిట్టల్ని సూడ్డానికొచ్చేవా, పెళ్లి వంటకా?" అన్నాను. సంచీ మోసింది నేను. ఆటో దాకా తిడతానే ఉన్నాను.

మధ్యాహ్నం దాటాక సుక్రు మమ్మల్ని ఓ గట్టు మీదకి తీసుకెళ్లేడు. రోడ్డు నుంచి నడక కొంచెమే గానీ రమణమ్మ రెండుసార్లు కూర్చుంది. సంచీ ఆటోలో వదలనంటే అదీ నేనే మోసేను. ఎదురుగా గెడ్డ, అంటే కొండవాగు, దాని అవతల పెద్ద చెట్టు. ఆ చెట్టు మీదకి ఓ హార్న్‌బిల్, అంటే ముక్కు మీద కొమ్మున్న పిట్ట, పండ్లు పట్టుకుని వస్తందని చెప్పేడు. "దగ్గరకెళ్దాం పద" అన్నాను. "లేదు తాతా, గూడున్నన్నాళ్లూ మావోళ్లెవరూ ఆ సెట్టు కిందకి ఎల్లరు. ఇక్కణ్ణించే సూడు" అన్నాడు.

అప్పటికి గాలి లేచింది. స్టాండు పెడితే ఊగిపోతంది. పిట్ట వచ్చింది, వాలింది, వెళ్లిపోయింది. నాకే సరిగ్గా కనబళ్లేదు. రమణమ్మ నోరు తెరవబోతే, "బావుందని మాత్రం అనకే" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. దొరికిపోయేనని ఆవిడికి తెలిసిపోయింది.

ఏం చెయ్యాలో తెలీక, తెచ్చిన సంచీని విసురుగా కింద పడేసేను. ధబ్ మంది. ఆ చప్పుడుకి నాకు బుర్ర వెలిగింది. నలభయ్యేళ్లు ముక్కాలి కాటా కింద బతికేను కదా! కర్రలు మూడూ ఖాళీగా ఉన్నంతసేపే ఊగుతాయి, బెల్లం దిమ్మ వేలాడదీసేక గాలికి కదలవు. స్టాండు కాళ్లు సగానికి దించేసి, వెడల్పుగా తెరిచి, నడిమి గొట్టానికి నా తువ్వాలుతో ఆ సంచీని కట్టేను. సంచీ అడుగు నేలకి ఆనీ ఆననట్టు, ఊగకుండా. స్కోపు ఇరవై మీదే ఉంచేను. రమణమ్మని రాయి మీద కూచోబెట్టి, వంపు గొట్టం ఆవిడ ఎడమ కంటి ఎత్తుకి తెచ్చేను.

పిట్ట మళ్లీ వచ్చేసరికి ఆవిడ కన్ను గొట్టం దగ్గరే ఉంది.

"ఏటే, కనబడిందా?"

"మాటాడకు."

ఇంకొంచెం సేపయ్యేక, "లోపల ఇంకోటుంది మావా" అంది.

"లోపలేటి?"

"తొర్ర మూసేసుంది. సన్నటి సందు. అందులోంచి ముక్కు కొస బయటికొస్తంది. ఈడు పండు అందిస్తన్నాడు."

నేను ఆ సందే చూళ్లేదు. సుక్రు నవ్వి, "లోపలున్నది ఆడదే మామ్మా. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా బయటకి రాదు. మగోడే తెచ్చి పెట్టాల" అన్నాడు.

రమణమ్మ కన్ను తియ్యకుండానే, "ఇన్నేళ్లలో నాకు ఒక్కపాలి టీ తెచ్చిచ్చేవా మావా?" అంది.

"నిన్నూ తొర్రలో పెట్టి మూసేస్తే తెచ్చేవోణ్ణే."

"నా సంచీ ఇప్పేస్తాను."

బేగి రోడ్డు మీద టీ కొట్టుకి దిగేను. సుక్రుకి కూడా ఒకటి తెచ్చేను. టీ చల్లారిపోయింది గానీ ఆవిడ లేవలేదు.

మర్నాడు తిరుగు రైల్లో ఆవిడ నిద్రపోతుంటే ఆలోచించేను. అంతవరకూ ఏం చూపించినా "బావుంది" అన్న ఆవిడ, నిజంగా చూసినప్పుడు ఆ మాట ఒక్కసారీ అన్లేదు. బావుందనడానికి తీరికేది పాపం? నేను మాత్రం ఆ సంచీని అనకాపల్లి దాకా నోరు మూసుకుని మోసేను. వారం తిరక్కుండా పాత కొట్టుకే వెళ్లి, బరువైనది, నడిమి గొట్టం కింద కొక్కెం ఉన్న స్టాండు తీసుకున్నాను. మీరూ వెళ్లేటట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి. కొనే ముందు, మీలో ఎవరి చూపు తక్కువో వాళ్లనే మొదట చూడమనండి. వెంటనే "బావుంది" అంటే కొనకండి. "మాటాడకు" అని కసిరితే కొనేయండి.