ఏడుపు అయ్యాక పిలవండి

మా ఆవిడకి టీవీలో వచ్చే పిల్లల డాన్సు పోటీలంటే ఇష్టం. వారం వారం తప్పకుండా చూసేది. ఊరికే చూసేది కాదు, జడ్జీలతో తగువు పడేది. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొడితే, "దేనికయ్యా అంత సంబరం? ఆ చివరి కుర్రాడు పక్కవాణ్ణి చూసి ఆడేడు, కనపడలేదా?" అని గట్టిగా అడిగేది. పక్కగదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు, ఆ కుర్రాణ్ణి ఎన్నడూ చూడకపోయినా, అతని తప్పులన్నీ తెలిసేవి.

ఆ కార్యక్రమంలో ఆవిడకి గిట్టనిది ఒక్కటే. ప్రతి జట్టూ ఆడబోయే ముందు ఒక చిన్న కథ వేస్తారు. వానకి కారే ఇల్లు, తల్లి కుట్టుమిషను, వెనకాల వయొలిన్, ఆ తరవాత కన్నీళ్ళు. టీవీ వాళ్ళు దాన్ని 'ఏవీ' అంటారని నాకు తరవాతెప్పుడో తెలిసింది. అది మొదలవగానే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెళ్తూ నా గుమ్మం దగ్గర ఆగి, "ఏడుపు అయ్యేక పిలవండి" అని చెప్పేది. అలా మా ఇంట్లో ఏడుపు చూసే పని నాకు పడింది. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. విషాదాంతాలు చాలానే చదివాను గాని, అవి అయిపోయాక ఇంకొకరిని పిలవాల్సి రావడం అదే మొదలు.

మాది రాజోలుకి దగ్గర. ఇంటికి పెద్ద డాబా ఉంది. మా వీధి ఆడపిల్లలకి డాన్సు నేర్పే మాస్టారు అంత చదునైన చోటు ఇంకెక్కడా దొరక్క, సాయంత్రాలు మా డాబా మీదే ప్రాక్టీసు పెట్టుకున్నాడు. మేము కొబ్బరి చిప్పలు ఎండబెట్టుకున్న రోజు మాత్రం సెలవు. ఆయన వయసులో ఉండగా తీర్థాల్లో, జాతరల్లో స్టేజీల మీద ఆడినవాడు. జుట్టంటే శ్రద్ధ ఎక్కువ, నోరు మాత్రం మెత్తన. టీవీలో మాస్టర్లు పిల్లల మీద కేకలేస్తారు. ఈయన, "అమ్మా, ఆ చెయ్యి ఇంకొంచెం పైకి ఎత్తుతారా తల్లీ, మీకు పుణ్యముంటుంది" అంటాడు.

ఆ లోటు మా ఆవిడ తీర్చేది. డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని చూసేది. పక్కింటి పిల్ల జట్టులో అందరికన్నా చిన్నది. తిట్లలో దాని వంతు ఎక్కువ. "ఏమే, ఆ ఎడమకాలు నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా? ఒళ్ళంతా వచ్చేసేక అది తీరుబడిగా వస్తంది!" ఆ పిల్ల, "నాదేనండి మామ్మగారూ" అని వినయంగా చెప్పి, మళ్ళీ ఆలస్యంగానే వేసేది.

కిందటి శ్రావణంలో మా ఆవిడ పోయింది. గుండె ఆగిపోయింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. ప్రాక్టీసు ఆగింది. కొన్నాళ్ళకి మాస్టారు గేటు దగ్గర నిలబడి, "మీరు వద్దంటే మానేస్తామండి" అన్నాడు. రమ్మన్నాను. డాబా మీద ఆ కుర్చీ అలాగే ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు. విశేషమేమీ లేదు, దాని కాలొకటి బీటలువారింది. ఎలా కూర్చుంటే అది విరగదో ఆవిడకొక్కర్తికే తెలుసు.

ఆ చలికాలంలో మా వీధి జట్టు ఆ టీవీ పోటీకి వీడియో పంపింది. వాళ్ళకి నచ్చింది. టీవీ మనుషులు వచ్చి ఆ ఏవీ తీస్తారు, అది చూసి జట్టుని తీసుకునేదీ లేనిదీ చెబుతారు. మాస్టారు ఇంతకుముందు వేరే జట్లతో రెండుసార్లు ఇంతవరకూ వచ్చి ఆగిపోయాడట.

"కథ లేదని పంపించేసేరండి. ఈసారీ అంతే అయితే డాన్సు మానేస్తానండి. మా బావగారు కొబ్బరికాయల కొట్లోకి రమ్మంటున్నారు," అన్నాడు.

"కథ ఏముంది మీకు?"

"అదేనండి భయం. అందరూ శుభ్రంగా ఉన్నారు."

అయినా తల్లులందరికీ పాత చీరలు కట్టుకు రమ్మని చెప్పాడు. షూటింగు రోజు పొద్దున్నే అందరూ పట్టుచీరల్లో, ఉన్న నగలన్నీ పెట్టుకుని మా డాబా ఎక్కారు. మాస్టారు తల పట్టుకుంటే పక్కింటావిడ తెల్లబోయింది.

"పాతదేనండి ఇది! మా పెళ్ళినాటిది!"

హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి, ఒక కెమెరా అతనూ వచ్చారు. కథ చూసుకునేది ఆ అమ్మాయే. వస్తూనే మంచి వెలుతురు పోకముందే పని మొదలుపెడదామంది. ఇంటికొచ్చిన వాళ్ళని టిఫిను పెట్టకుండా పనిచెయ్యనిచ్చే అలవాటు మా వైపు లేదు. పెసరట్టు ఉప్మా అయ్యాక కొబ్బరి నీళ్ళు, ఆ తరవాత పూతరేకులు. మధ్యాహ్నం పనసపొట్టు కూరతో భోజనం. కెమెరా అతను మొహమాటపడి ప్రతిదీ రెండోసారి పెట్టించుకున్నాడు. తరవాత మా వసారాలో మడతమంచం మీద కళ్ళు మూసుకున్నాడు.

ఆ అమ్మాయి మాత్రం పట్టు వదల్లేదు. పక్కింటావిడని పట్టుకుంది.

"మీ ఇల్లు వర్షానికి కారుతుందా అండీ?"

"కారదండీ. మా ఆయన కువైట్ నుంచి పంపిస్తే స్లాబు వేయించుకున్నాం."

ఆ అమ్మాయి మొహం వెలిగింది. "అంత దూరంలో ఉన్నారా! పాపం, పాప నాన్న కోసం బెంగ పెట్టుకుంటుందా?"

"బెంగెక్కడిదండీ, పొద్దస్తమానూ వీడియో కాల్లోనే ఉంటారు, ఇవాళ కూరేంటని అడుగుతూ. ఇదిగో, ఇప్పుడూ ఉన్నారు. మాట్లాడతారా?"

ఫోను ఇటు తిప్పింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్న ఆ తండ్రి రెండు చేతులూ జోడించాడు. "ఆయ్, నమస్కారమండీ! భోంచేసేరా?"

ఇంకో పిల్ల తండ్రి హైస్కూల్లో హెడ్మాస్టరు. ఆదివారం చర్చిలో చక్కగా మాట్లాడతాడని పేరు. తన తాతగారు పొలాల్లో కూలి చేసేవారని చెప్పగానే ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆయన గురించి చెప్పండి సర్. చివరిదాకా కష్టాలేనా?"

"లేదండీ. పిల్లలందర్నీ చదివించుకున్నారు. ఆఖర్లో కారులో తిరిగి, మనవల పెళ్ళిళ్ళు చూసి, సంతోషంగా వెళ్ళేరు. దేవుడి దయవల్ల మాకు ఏ లోటూ లేదండీ," అని, లేని లోట్లన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

పోనీ మాస్టారు పిల్లల్ని తిడుతుంటే తీద్దామంది. కెమెరా అతన్ని లేపారు. మాస్టారు జుట్టు దువ్వుకుని, కళ్ళు పెద్దవి చేసి, వేలు పైకెత్తి గర్జించాడు.

"ఏమండీ అమ్మా! మీరు... మీరు కొంచెం తప్పు చేసేరేమో చూసుకోండి!"

పిల్లలు పకపకా నవ్వారు. "ఇంకా కోపంగా, మాస్టారూ," అంది ఆ అమ్మాయి. "ఇంతకన్నా నావల్ల కాదండీ. ఆడపిల్లలు కదండీ," అని ఆయన కింద కూర్చుండిపోయాడు.

ఎండ వాలుతోంది. ఆ అమ్మాయి మాస్టారితో నెమ్మదిగానే చెప్పింది. "మీ టీమ్ బాగా చేస్తుంది మాస్టారూ. అబద్ధం చెప్పను. కానీ ఈ ఒక్క చోటుకి ఇంకో టీమ్ కూడా ఉంది. వాళ్ళ ఇల్లు కాలిపోయింది. మీకేమో అన్నీ ఉన్నాయి. నేను మా వాళ్ళకి ఏం చూపించను?"

అప్పుడు పక్కింటి పిల్ల, "తాతగారున్నారు కదండీ," అంది. తల్లి దాన్ని గిల్లింది. కానీ అప్పటికే అందరూ నావైపు చూస్తున్నారు.

మాస్టారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "వద్దంటే వద్దండి. మామ్మగారు పిల్లల్ని కూతుళ్ళలా చూసేరని, ఆఖరి మాటగా కప్పు తెండర్రా అన్నారని, ఒక్క ముక్క చెబితే చాలు."

ఆవిడ ఆఖరి మాట నేను విన్నాను. పాలు పొంగుతున్నాయేమో చూడమంది. ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు. చెబుతాను గాని, జరగనిది చెప్పనన్నాను. "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

నన్ను ఆ కుర్చీ పక్కన నిలబెట్టారు. లైటు వేడికి కళ్ళజోడు చెమ్మగిల్లితే తీసి తుడుచుకున్నాను. "మేడమ్‌కి మా ప్రోగ్రామంటే చాలా ఇష్టమట కదా సర్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇష్టమే. ఇప్పుడు మీరు తీస్తున్న ఈ భాగం తప్ప," అన్నాను. "ఇది రాగానే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. అయ్యాక పిలవమనేది. డాన్సు చెయ్యడానికొచ్చి ఏడవడమేమిటనేది. ఈ పిల్లల్ని కూతుళ్ళలా చూడలేదు. తిట్టేది. ఒకర్ని గుర్రంపిల్ల అంది, ఒకర్ని గుమ్మటం అంది. ఈ చిన్నదాని ఎడమకాలు అద్దెకి తెచ్చుకున్నదనేది."

పిల్లలు కిలకిల నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుల మధ్య పక్కింటి పిల్ల ఒక్కసారిగా ఏడుపు లంకించుకుంది. తల్లి కంగారుపడి దగ్గరికి తీసుకుంది.

"ఏమయ్యిందే? తాతగారు ఊరికే అన్నారే!"

"అది కాదమ్మా. నా కాలు ఇప్పటికీ లేటేనమ్మా. అందరూ బాగుందంటున్నారు. మామ్మగారయితే చెప్పేవారు. ఇంకెవరూ చెప్పట్లేదు."

నేను డాబా చివరికి వెళ్ళి కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. కెమెరా అతను మెలకువగానే ఉన్నాడు, అంతా తీశాడు.

జట్టుని తీసుకున్నారు. మాస్టారు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, పెడితే డాబా మీద చిప్పలు ఎండబోస్తానన్నాను. పిల్లలు హైదరాబాదు వెళ్ళి ఆడి వచ్చారు. అది టీవీలో వచ్చిన రోజు వీధి వీధంతా మా హాల్లోనే కూర్చుంది. మా టీవీ పెద్దది. జడ్జీల మొహాలు సరిగ్గా కనపడాలని మా ఆవిడ కొనిపించింది.

మా జట్టు వంతు వచ్చింది. ముందు వయొలిన్ మొదలైంది. ఖాళీ కుర్చీ కనబడింది. దాని ముందు ఎవరో దీపం పెట్టారు, కాలు బీట కనపడకుండా పూలదండ చుట్టారు. తరవాత నేను. నా మాటలన్నీ తీసేసి, కళ్ళజోడు తుడుచుకోవడం ఒక్కటీ నిదానంగా, రెండుసార్లు చూపించారు. హాల్లో ఎవరో ముక్కు చీదారు.

నేను లేచాను. ఎక్కడికని పక్కింటావిడ కళ్ళతోనే అడిగింది.

"అయ్యాక పిలవండి," అన్నాను.

వంటింట్లో పాలగిన్నె మీద మూత తీసి చూశాను. అవతల పిల్ల ఏడుపు వినబడింది, ఎవరో జడ్జి ఏడుపు కూడా. అది ఆగి పాట మొదలవగానే, "బాబాయిగారూ, అయిపోయిందండీ, రండి!" అని కేక వినబడింది. వెళ్ళేసరికి పిల్లలు స్టేజి మీద బారులుగా గెంతుతున్నారు. పాట అయ్యేసరికి జడ్జీలు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. హాలంతా గోల. టీవీ ముందు నేల మీద కూర్చున్న పక్కింటి పిల్ల వెనక్కి తిరిగి నావైపే చూస్తోంది.

"చూసేరాండీ?" అంది.

"చూశాను."

"ఎలా ఉందండీ?"

అందరూ బాగుందనే అంటున్నారు. నేను మా ఆవిడ అంత గట్టిగా మాట్లాడలేను.

"ఎడమకాలు," అన్నాను.

"లేటేనండి," అంది ఆ పిల్ల. మొహం విప్పారింది. మళ్ళీ టీవీ వైపు తిరిగింది.