టీ పోసినవాడు బాగా పోశాడు

మా పిన్ని ఏ సినిమాలోనూ హీరోని చూడదు. హీరో వెనకాల నిలబడ్డవాళ్ళని చూస్తుంది. చూసి ఊరుకుంటే నాకీ తలవంపులు ఉండేవి కావు. చూసినదాని మీద అభిప్రాయం చెబుతుంది. అదైనా చెవిలో చెప్పదు. పిన్ని ఆస్పత్రిలో నర్సు. వార్డులో ఈ చివర మంచం దగ్గర నిలబడి ఆ చివర మంచం మీదున్న మనిషిని అదిలించడం అలవాటైన గొంతు ఆవిడది.

ఉద్యోగం దొరికి పిన్నీ బాబాయిల ఇంట్లో దిగిన కొత్తలో, జనం విరగబడి చూస్తున్న సినిమా ఒకదానికి ఆవిణ్ణి తీసుకెళ్ళాను. చివర్లో హీరో తండ్రి ప్రాణం పోతుంటే హాలంతా ముక్కులు చీదింది. నేనూ చీదాను. బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, ఎలా ఉంది పిన్నీ అని అడిగాను.

"సినిమా సంగతి నాకు తెలీదు గానీ, ఆ హోటల్లో టీ పోసినవాడు బాగా పోశాడు. ఒక్క చుక్క ఒలకలేదు" అంది.

ఆ సినిమాలో హోటలు ఎక్కడుందో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా ఇదే వరస. పాటల పోటీలో పాడే పిల్ల గొంతు ఎలా ఉందో పిన్నికి అక్కర్లేదు, ఆ పిల్లకి మైకు అందించి చప్పుడు కాకుండా తప్పుకున్న కుర్రాడి నడక కావాలి. వంటల కార్యక్రమంలో వంట ఏమిటో చూడదు, పక్కనుంచి గిన్నె అందించే చెయ్యి ఉంటుందే, దానికి మార్కులు వేస్తుంది. అత్తాకోడళ్ళ సీరియల్లో కోడలు గడప దాటి వెళ్ళిపోతుంటే, "ఆ తలుపు పట్టుకుని నిలబడ్డ పనమ్మాయిని చూడరా, పాపం ఎంతసేపని నిలబడుతుంది, కాలు తిమ్మిరెక్కి ఉంటుంది" అంటుంది. ఇక పోలీసు కథలొస్తే హంతకుడెవరో తేలేదాకా ఆగదు. శవం ఎలా చేసిందో తేల్చేసి లేచి వెళ్ళిపోతుంది.

ఒకసారి మా ఆఫీసరు, ఆయన భార్య ఇంటికొచ్చారు. మాటల్లో మాటగా ఆవిడ, మీరు సీరియల్స్ చూస్తారా అండీ అని పిన్నిని అడిగింది. నేను బిస్కెట్లు ముందుకు తోశాను, నీళ్ళు కావాలా అన్నాను, ఫ్యాను పెంచాను. లాభం లేకపోయింది.

"కథ సంగతి నాకు తెలీదు గానీ, నిన్నటి సీరియల్లో శవం చాలా బాగా చేశాడండీ. శవమంటే అలా ఉండాలి. మా వార్డులో అసలువాళ్ళు కూడా అంత నిబ్బరంగా ఉండరు."

ఆఫీసరుగారి భార్య టీ కప్పు కింద పెట్టేసింది. మర్నాడు ఆఫీసులో ఆయన, మీ పిన్నిగారు ఎలా ఉన్నారని అడిగారు. బాగున్నవాళ్ళ గురించి ఎవరూ అలా అడగరు.

ఆ సాయంత్రం బాబాయి దగ్గర మొరపెట్టుకున్నాను. కనీసం టీవీ సౌండైనా తగ్గించమని చెప్పు బాబాయ్, వీధి వీధంతా వింటోంది అన్నాను. బాబాయి పేపరు మడిచి, "వీధి కోసం కాదురా, గోడ కోసం. ఇదివరకు మీ పిన్ని హీరోని తప్ప ఎవర్నీ చూసేది కాదు. నన్ను కూడా" అని మళ్ళీ పేపరు తెరిచాడు.

గోడకవతల వాటాలో ఒకాయన, ఆయన కూతురు ఉండేవారు. తల్లి లేదు. కూతురు బ్యాంకులో కౌంటరు మీద కూర్చుంటుంది. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్తాడు. ఏదో ఆఫీసని అందరం అనుకున్నాం. కాదట. కూతురే ఒకసారి పిన్నితో చెప్పుకుందట. షూటింగుల్లో గుంపులో నిలబడతాడు. పెళ్ళి సీనులో చప్పట్లు కొడతాడు, కోర్టు సీనులో బల్ల మీద కూర్చుంటాడు, హోటలు సీనులో టీ పోస్తాడు. ఎక్కువగా శవం. చెప్పుకోడానికి సిగ్గుపడి, తను చేసినవి తనే చూడడు. కూతురు కూడా బ్యాంకులో నాన్నది ప్రైవేటు ఉద్యోగం అని చెప్పి మాట మార్చేస్తుందట. ఇంట్లో టీవీ కట్టేసి కూర్చునే ఆ ఇద్దరికీ, పిన్ని తన టీవీ గొంతూ తన గొంతూ కలిపి గోడలోంచి పంపిస్తోందన్నమాట. ఏ సీనులో ఉన్నది ఆయనో తెలీదు కాబట్టి, ఎందుకైనా మంచిదని వెనకాలున్న వాళ్ళందర్నీ మెచ్చుకుంటోంది.

అలాంటి మనిషికి ఒక సినిమాలో మాట దొరికింది. ఆస్పత్రి సీను. హీరో తల్లి పరిగెత్తుకొచ్చి అడిగితే, వార్డుబాయి వేషంలో ఈయన "డాక్టరుగారు ఇంకా రాలేదమ్మా" అనాలి. నెల్లాళ్ళపాటు గోడ మాకు ఆ మాటే వినిపించింది. పిన్ని ఇటువైపు నుంచే దిద్దేది.

"అంత మర్యాదగా చెప్తే ఎవరూ నమ్మరండీ. కొంచెం విసుక్కోండి."

"అలాగే సిస్టరుగారూ" అని అటునుంచి వినయంగా విసుక్కునేవాడు.

సినిమా విడుదలైన రోజు కూతురు మొదటిసారి ధైర్యం చేసింది. మా నాన్న సినిమాలో మాట్లాడాడని బ్యాంకులో చెప్పి, కౌంటర్లవాళ్ళందర్నీ వెంటబెట్టుకొచ్చింది. హాల్లో ఒక వరస మాదే. పిన్ని డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేసింది. కూర్చుంటూనే సంచిలో రెండుసార్లు ఏదో వెతుక్కుని, ఆ పిల్ల పక్కన సర్దుకుంది. పిన్నికి ఇటుపక్క నేను. ఆయన వరస చివర, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

ఆస్పత్రి సీను వచ్చింది. హీరో తల్లి పరిగెత్తుకొచ్చింది. మా వరసంతా ముందుకు వంగింది. తెర మీద ఒక వీపు అడ్డంగా కదిలింది. అంతే. తల్లి ముఖం దగ్గరికొచ్చింది, ఏడ్చింది, పాట మొదలైపోయింది. డాక్టరుగారు వచ్చారో రాలేదో ఎవరూ చెప్పలేదు.

బ్యాంకువాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకోకుండా తెర వంక చూస్తున్నారు. చివరి సీటు చప్పుడైంది, ఆయన లేస్తున్నాడు. నాకు సిగ్గుతో మెడ పైకి లేవలేదు. సరిగ్గా అప్పుడు పిన్ని నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

ముందు వరసలోంచి ఎవరో, "కూర్చోండమ్మా, పాట వస్తోంది" అన్నారు.

"పాట సంగతి నాకు తెలీదు గానీ, ఆ వీపు చూశారా? డాక్టరు రాలేదని నోరు తెరవకుండా చెప్పాడు. వార్డుబాయిలు అచ్చం ఇలాగే పోతార్రా నాయనా. నేను రోజూ చూస్తాను కదా."

ఎవరో నవ్వారు. బ్యాంకులో క్యాషియరట, ఆయన చప్పట్లు అందుకున్నాడు. తర్వాత వరసంతా అందుకుంది. వెనకాల కొందరు విషయం తెలీకపోయినా కొట్టారు, చాలామంది తిట్టారు. నేను ఇంకా కిందికి జారాను. వరస చివర సీటు మళ్ళీ చప్పుడైంది. ఆయన కూర్చున్నాడు.

ఆట వదిలాక హాలు ముందు దీపాల కింద బ్యాంకువాళ్ళు ఆయన చుట్టూ మూగారు. కూతురు అందరికీ, మా నాన్న, మా నాన్న అని పరిచయం చేస్తోంది. క్యాషియరు ఒకసారి తిరగండి సార్ అని బతిమాలాడు. ఆయన సిగ్గుపడుతూ అటు తిరిగి నిలబడితే, అందరూ ఆ వీపుతో ఫొటోలు దిగారు.

నేనూ పిన్నీ ముందు నడుస్తున్నాం. మెట్ల దగ్గర తడుముకుంటూ నా భుజం పట్టుకుంది. చూస్తే ముఖాన కళ్ళజోడు లేదు. కళ్ళజోడేదీ అన్నాను.

"వార్డులో మర్చిపోయానురా."

"మరి వీపు ఎలా చూశావు?"

"నాకెక్కడ కనపడింది? తెరంతా మంచు పట్టినట్టుంది. ఆ పిల్ల నా చెయ్యి పిండేసి, 'అత్తా, వీపే వచ్చింది' అంది. ఇంక చూసేదేముంది, లేచాను." రెండడుగులు వేసి, గొంతు తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది. "ఇంతకీ బాగానే చేశాడా?"

"నేనూ సరిగ్గా చూడలేదు పిన్నీ. మాట కోసం చూస్తుంటే వీపు కాస్తా దాటిపోయింది. ఆ తర్వాత నీ చప్పట్లకి తల ఎత్తితేగా."

పిన్ని ఆగి నా వైపు, అంటే నా వైపు అనుకుని పక్కనున్న స్తంభం వైపు చూసింది.

"అయితే రేపు మళ్ళీ వద్దాం. నేను కళ్ళజోడు తెచ్చుకుంటాను. నువ్వు తలకాయ తెచ్చుకో."